ముల్లు కదలకపోతే చల్లగా ఉన్నట్టేనా?



వార్షిక సంచికకు నలుగురికీ పనికొచ్చే పాఠం ఒకటి రాసి పంపమని పెద్దలు అడిగారు. మేము ఆటోమొబైల్ డిప్లొమా చదివి, బతుకుతెరువు కోసం అమెరికా వచ్చి, కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్‌లో బళ్ల మరమ్మతు పని చేసుకుంటున్నాం. మాకు తెలిసిన విద్య అదే కనుక పాఠం కూడా అందులోంచే ఇస్తున్నాం.

విషయం చిన్నదే. గేరుబాక్సులోని ఆయిల్ ఎంత వేడెక్కిందో చూపే మీటరును, ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చిన ట్రక్కుకు ఎలా బిగించాలి? బిగించాక దాని మాట ఎంతవరకు నమ్మాలి? మొదటి ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో దొరుకుతుంది. రెండోదానికి జవాబు మాకు ఒక పెద్దాయన గేరుబాక్సు కాలిపోయాక తెలిసింది. అందులో మా తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెడితే పాఠం సగమే అవుతుంది కనుక ఉన్నదున్నట్టు చెబుతాం.

1. బండి సంగతి

ఇక్కడ ట్రక్కు అంటే మన పది టైర్ల లారీ కాదు. ముందు క్యాబిన్, వెనక తొట్టి ఉండే పికప్. మేము చెప్పబోయే బండి డాడ్జ్ రామ్ 2500. 1994లో వచ్చిన మోడలు వరుసలోది. కమిన్స్ వారి 5.9 లీటర్ల, 6 సిలిండర్ల డీజిల్ ఇంజను. మూడు దశాబ్దాల నాటి బళ్లు ఇప్పటికీ ఇక్కడ ట్రైలర్లు లాగుతూ కుటుంబాలను పోషిస్తున్నాయంటే ఆ ఇంజను చలవే.

ఆ ఇంజనుకు తగినంత గట్టిది కానిది దాని వెనకున్న 4 గేర్ల ఆటోమేటిక్ బాక్సు. బరువులు లాగీ లాగీ అది పాడైతే, మళ్లీ అదే వేయకుండా చాలామంది మాన్యువల్ గేరుబాక్సు ఎక్కిస్తారు. ఎక్కువగా వేసేది ఎన్‌వి 4500 అనే 5 గేర్ల బాక్సు. పోత ఇనుప పెట్టె, బరువు సుమారు 90 కిలోలు. క్లచ్ పెడలు, ఫ్లైవీలు, బెల్ హౌసింగు, అడ్డ దూలం అన్నీ మార్చాలి. మంచి పనివాడి చేతిలో పడితే ఆ బండి మరో తరం నడుస్తుంది.

ఈ మార్పిడిలో మరిచిపోయే వస్తువు ఒకటుంది. ఆటోమేటిక్ బాక్సుకు వేడి పెద్ద శత్రువు. అందుకని యజమానులు విడిగా ఒక మీటరు కొని, డ్రైవరు పక్కనున్న అద్దం స్తంభానికి బిగించుకుంటారు. బాక్సులో ఒక సెన్సరు, దాని నుంచి మీటరుకు ఒక వైరు. పాత బాక్సు దిగినప్పుడు సెన్సరు దానితోపాటే వెళ్లిపోతుంది. వైరు మిగులుతుంది. మీటరు కూడా అక్కడే, రాత్రిపూట లైటు కూడా వెలుగుతూ, పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది.

2. జార్జ్‌టౌన్ దగ్గర జరిగింది

మాకు తెలిసిన హైదరాబాదీ పెద్దాయన ఒకరు డెన్వర్‌లో సామాన్ల ట్రైలరు తోలుకుని జీవిస్తారు. మేము ఆయన్ని చాచా అంటాం. ఆయన ట్రక్కుకు ఒక షెడ్డులో ఇలాగే మాన్యువల్ బాక్సు వేయించారు. షెడ్డు వారు పాత మీటరు వైరు కొసకు టేపు చుట్టి, పైన కట్టేసి ఊరుకున్నారు. ఆ సంగతి చాచాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఒక జూలైలో ఒక కుటుంబం ఇంటి సామాను ట్రైలరులో వేసుకుని పడమటి వైపు బయలుదేరాం. మేము పక్క సీట్లో ఉన్నాం. డెన్వర్ 5,280 అడుగుల ఎత్తున ఉంది. 70వ నంబరు హైవే అక్కడి నుంచి సుమారు 95 కిలోమీటర్ల దూరంలో ఐసెన్‌హోవర్ సొరంగం దగ్గర 11,000 అడుగులు దాటుతుంది. అంటే దారిలో ఎక్కువ భాగం ఎక్కుడే. కమిన్స్ ఇంజనుకు లాగే సత్తా ఉంది కనుక చాచా వీలైనంతసేపు ఐదో గేరులోనే పోనిస్తున్నారు.

ఐడహో స్ప్రింగ్స్ దాటాక ఆయన ముక్కు చిట్లించారు.

“బేటా, ఏదో మాడిన వాసన వస్తోంది. చూడు.”

మేము మీటరు చూశాం. ముల్లు అట్టడుగున, 100 గీత మీద ఉంది.

“మీటరు లేవనే లేదు చాచా. గేరుబాక్సు చల్లగానే ఉంది. ముందు పోతున్న లారీ బ్రేకుల వాసనేమో.”

మరో పావుగంటకు సన్నటి ఏడుపు లాంటి శబ్దం మొదలైంది. నాలుగో గేరు వేస్తే తగ్గింది, ఐదు వేస్తే పెరిగింది. జార్జ్‌టౌన్ దగ్గర హైవే దిగి ఆపాం. వెనక సీలు కారి, ఆయిల్ బయటికిపోయి, ట్రక్కు అడుగు భాగమంతా తడిసి ఉంది. తరవాత విప్పి చూస్తే కింది షాఫ్టు బేరింగులు నీలం రంగుకు తిరిగాయి. ఉక్కు ఆ రంగుకు వచ్చిందంటే ఎంత కాలిందో పనివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ముల్లు మాత్రం చివరి వరకు 100 మీదే ఉంది.

చాచాకు మూడు వారాల పని పోయింది. వేసవి ఇక్కడ ఇళ్లు మారే కాలం. ఆయనకు ఏడాది సంపాదనలో ముఖ్యమైన రోజులు అవే. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. “మీటరు చూసి చెప్పావు, అబద్ధం చెప్పలేదుగా” అన్నారంతే. ఆ మాట మాకు ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. ముక్కు నిజం చెబితే మేము దాన్ని కాదని, ఎక్కడా కలపని వైరును నమ్మాం.

3. మాన్యువల్ బాక్సు ఎందుకు వేడెక్కుతుంది?

ఆటోమేటిక్‌లో వేడికి ముఖ్య కారణం టార్క్ కన్వర్టరు. ఇంజనుకూ చక్రాలకూ మధ్య నూనె ద్వారా బలం అందుతుంది కనుక జారుడు ఉంటుంది, జారుడు వేడవుతుంది. అందుకే దానికి కంపెనీయే కూలరు పెడుతుంది. నూనె పైపుల గుండా పోయి చల్లారి తిరిగి వస్తుంది.

మాన్యువల్ బాక్సులో ఆ జారుడు లేదు. అందుకని “మాన్యువల్ వేడెక్కదు” అనే మాట వాడుకలోకి వచ్చింది. ఇందులో సగమే నిజం. పళ్ల చక్రాలు ఒకదానిపై ఒకటి ఒత్తుకుంటూ రాసుకుంటాయి. బేరింగులు తిరుగుతాయి. చక్రాలు ఆయిల్‌ను చిలుకుతాయి. ఇవన్నీ వేడి పుట్టిస్తాయి. పైగా ఈ బాక్సుకు కూలరు లేదు, పంపు లేదు. చక్రాలు చిమ్మిన ఆయిలే అన్నిటినీ తడపాలి. పెట్టెకు తగిలే గాలే చల్లార్చాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఎక్కుడులో ఇంజను 150 గుర్రాల బలం ఇస్తోందనుకుందాం. అంటే సుమారు 112 కిలోవాట్లు. గేరుబాక్సులో అందులో నూటికి 2 పాళ్లు వృథా అయిందనుకుంటే 2.2 కిలోవాట్ల వేడి. రెండు ఇస్త్రీ పెట్టెలను ఆ ఇనుప పెట్టెలో పెట్టి స్విచ్ వేసినట్టు. గాలి ఏమాత్రం చల్లార్చకపోతే, 90 కిలోల ఇనుమూ నాలుగు లీటర్లకు కాస్త తక్కువ ఆయిలూ కలిసి సుమారు 20 సెకన్లకు ఒక సెల్సియస్ డిగ్రీ చొప్పున వేడెక్కుతాయి. పావుగంటలో 45 డిగ్రీలు.

గాలి చల్లారుస్తుంది కనుక నిజంగా అంత పెరగదు. అయితే 11,000 అడుగుల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గర ఉన్నదానిలో నూటికి 70 పాళ్లే. పల్చటి గాలి తక్కువ చల్లారుస్తుంది. ఎక్కుడులో బండి వేగమూ తక్కువే. భారం ఎక్కువైన చోటే చల్లదనం తగ్గుతుందన్నమాట.

ఐదో గేరు సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ఈ బాక్సులో నాలుగో గేరు నేరుగా పోయేది, నిష్పత్తి 1.00. బలం ముందు షాఫ్టు నుంచి సూటిగా వెనక షాఫ్టుకు పోతుంది. కింది షాఫ్టు తిరుగుతుంది కాని బరువు మోయదు. ఐదో గేరు నిష్పత్తి 0.75. అందులో బలమంతా కింది షాఫ్టు మీదుగా చుట్టు తిరిగి రావాలి. పళ్ల మీదా బేరింగుల మీదా ఒత్తిడి పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. చాచా బండి నాలుగులో నెమ్మదించి ఐదులో ఏడ్చింది అందుకే.

4. వేడెక్కితే ఏమవుతుంది?

గేరు ఆయిల్ పని ఇనుముకూ ఇనుముకూ మధ్య సన్నటి పొరగా నిలబడటం. 75డబ్ల్యూ-90 రకం ఆయిల్ చిక్కదనం 40 సెల్సియస్ డిగ్రీల దగ్గర సుమారు 100 అంకె ఉంటే, 100 డిగ్రీల దగ్గర సుమారు 15కు పడిపోతుంది. ఇంకా వేడెక్కితే పొర ఇంకా పల్చనై, చివరకు ఇనుము ఇనుమును తాకుతుంది. అప్పుడు పుట్టే వేడి ఆయిల్‌ను మరింత పల్చన చేస్తుంది. ఈ గొలుసు ఒకసారి మొదలైతే తనంతట తాను ఆగదు.

రెండో నష్టం నెమ్మదిగా జరిగేది. ఆయిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి చెడిపోయే వేగం ప్రతి 10 సెల్సియస్ డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందని వాడుక లెక్క. ఒక్క వేసవి మాడిన ఆయిల్‌ను చూసి నల్లబడిందని తెలుసుకునేసరికి దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది.

ఆయిల్ రకం కూడా ముఖ్యమే. ఎన్‌వి 4500కు చెప్పింది జీఎల్-4 రకం సింథటిక్ ఆయిల్. వెనక యాక్సిల్‌లో పోసే జీఎల్-5 ఎక్కువ బలమైనది కదా అని ఇందులో పోయకూడదు. దానిలోని గంధకపు మందులు గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగులకు పడవు.

5. మీటరు బిగించే పద్ధతి

ఎక్కడ పెట్టాలి: సెన్సరు మొన ఎప్పుడూ ఆయిల్‌లో మునిగి ఉండాలి. ఈ బాక్సుకు రెండు పక్కలా ఆరు బోల్టులతో మూసిన మూతలుంటాయి. బయటి యంత్రాలకు బలం అందించే పరికరం తగిలించడానికి పెట్టిన తలుపులవి. ఆ మూత దిగువ భాగం సెన్సరుకు మంచి చోటు. సెన్సరు రంధ్రంతో సహా వచ్చే అల్యూమినియం మూతలు కూడా అమ్ముతారు. డ్రైన్ బోల్టుకు రంధ్రం చేసి పెట్టేవారున్నారు. అది అందరికన్నా కిందుండే చోటు కనుక రాయి తగిలితే సెన్సరుతోపాటు ఆయిలూ పోతుంది. గేరు లివరు ఉన్న పై మూతలో మాత్రం పెట్టకండి. అక్కడ కొలిచేది ఆవిరినే.

ఏ మీటరు కొనాలి: రెండు రకాలున్నాయి. ఒకటి యాంత్రికం. సన్నని రాగి గొట్టంలో ఈథర్ నింపి ఉంటుంది, కరెంటు అక్కర్లేదు, కాని ఆ గొట్టాన్ని కోయకూడదు, నలగనివ్వకూడదు. రెండోది విద్యుత్ మీటరు. వైరు లాగడం తేలిక కనుక ఎక్కువమంది దీన్నే వాడతారు. మీటరూ సెన్సరూ జతగా కొనాలి. ఒక కంపెనీ సెన్సరుకు ఇంకో కంపెనీ మీటరు కలిపితే ముల్లు కదులుతుంది, అంకె మాత్రం తప్పు. 100 నుంచి 280 ఫారెన్‌హీట్ డిగ్రీల వరకు గీతలున్నది చాలు.

రంధ్రం ఎలా చేయాలి: మూతను బండి మీద ఉంచి డ్రిల్లు పెట్టవద్దు. ఇనుప రజను లోపల పడితే మీటరు పెట్టి చేసిన మేలు కంటే కీడు ఎక్కువ. మూత విప్పి, బల్ల మీద పెట్టి చేయాలి. సెన్సరుకు సాధారణంగా ఉండేది 8వ వంతు అంగుళం పైపు మర. అంగుళానికి 27 చుట్లు, కొస వైపు సన్నబడుతుంది. దీనికి అంగుళంలో 32కు 11 వంతుల డ్రిల్లు వేసి, గ్రీసు రాసిన టాప్‌తో కొద్దికొద్దిగా మర కోయాలి. టాప్‌ను చివరి వరకు దింపితే రంధ్రం వదులై సెన్సరు కూర్చోదు.

లోపల తగలకుండా చూడాలి: మూత వెనకే చక్రాలు తిరుగుతుంటాయి. మూత లోపలి వైపు సెన్సరు మొన మీద మెత్తటి బంకమట్టి ముద్ద అంటించి, మూతను తాత్కాలికంగా బిగించి, క్లచ్ తొక్కకుండా చేత్తో షాఫ్టు తిప్పాలి. విప్పి చూస్తే ముద్ద మీద పళ్ల గుర్తు ఎంత లోతుందో తెలుస్తుంది. చూశాక మట్టి ఆనవాలు లేకుండా తుడవాలి.

ఎర్తు: ఒక్క వైరున్న సెన్సరుకు ఎర్తు దాని మరల ద్వారానే అందుతుంది. తెల్ల టేపు దట్టంగా చుడితే ఎర్తు సరిగా అందదు. రెండు చుట్లు చాలు, మొదటి మర వదిలేయాలి. బిగించాక సెన్సరు ఒంటికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య నిరోధం కొలిచి, దాదాపు సున్నా ఉందని చూసుకోవాలి.

వైరింగు: తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే చోటు నుంచి చిన్న ఫ్యూజుతో మీటరుకు ప్లస్, ఒక ఎర్తు, డ్యాష్‌బోర్డు లైటుకు ఒకటి, సెన్సరుకు ఒకటి. సెన్సరు వైరును పొగ గొట్టానికీ తిరిగే జాయింటు రాడ్డుకూ దూరంగా లాగాలి. ఇంజనూ బాక్సూ కలిసి ఊగుతాయి కనుక వైరు బిగుతుగా ఉండకూడదు. పాత సెన్సరు వైరు ఎక్కడైనా వేలాడుతుంటే దాన్ని తీసేయండి. రేపు ఇంకొకరు దాన్ని చూసి కలిపే ఉందనుకుంటారు.

6. పాఠంలో అసలు సంగతి

ఈ మీటర్లలో వాడే సెన్సరు స్వభావం ఏమిటంటే, చల్లగా ఉంటే నిరోధం ఎక్కువ, వేడెక్కితే నిరోధం తక్కువ. ఈ ఒక్క వాక్యాన్ని కాస్త ఆగి ఆలోచించండి.

వైరు తెగితే నిరోధం అనంతం. మీటరు “చల్లగా ఉంది” అంటుంది. కనెక్షను తుప్పు పడితే నిరోధం పెరుగుతుంది. మీటరు ఉన్నదానికన్నా తక్కువ వేడి చూపిస్తుంది. ఎర్తు సరిగా లేకపోయినా అంతే. ఇక ఆయిల్ కారిపోయి సెన్సరు మొన బయటపడితే, అది ఆయిల్‌ను కాకుండా పెట్టెలోని గాలిని కొలుస్తుంది. పళ్ల మధ్య కాలిపోతున్నా ఆ వేడి ముల్లుకు ఆలస్యంగా, తక్కువగా అందుతుంది. వైరు ఒరిసి బాడీకి తగిలినప్పుడు మాత్రమే ముల్లు వేడి వైపు పోతుంది.

అంటే ఈ పరికరం చెడిపోతే, దాదాపు ప్రతిసారీ మనకు ఇష్టమైన వైపే తప్పు చెబుతుంది. భయపెట్టదు, ధైర్యం చెబుతుంది. ఆ రోజు మేము చాచాకు ఇచ్చిన ధైర్యం అలాంటిదే.

అందుకని ముల్లు పైకి లేచినప్పుడు ఎంత శ్రద్ధగా చూస్తామో, లేవవలసిన చోట లేవనప్పుడు అంతకన్నా శ్రద్ధగా చూడాలి. బరువుతో గంటసేపు నడిచిన బాక్సు వెచ్చబడి తీరాలి. వెచ్చబడలేదని మీటరు అంటే అనుమానించవలసింది మీటరునే. ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా ముల్లు ఒక్కసారి పడిపోతే సంతోషించకండి. బండి పక్కకు ఆపి కింద చూడండి.

7. మీటరుకు మూడు పరీక్షలు

మొదటిది: తాళం వేసి, సెన్సరు దగ్గర వైరు తీసేయండి. ముల్లు అడుగుకు రావాలి. వైరు తెగితే మీటరు ఎలా కనిపిస్తుందో కంటితో చూసి గుర్తుపెట్టుకోవడం దీని ఉద్దేశం.

రెండోది: ఆ వైరు కొసను ఒక్క క్షణం ఎర్తుకు తాకించండి. ముల్లు పైకి పోవాలి. మీటరుతో వచ్చిన కాగితంలో ఈ పరీక్షకు అనుమతి ఉంటేనే చేయాలి.

మూడోది: బిగించక ముందే సెన్సరును మరిగే నీళ్లలో ముంచి, దాని ఒంటికి విడిగా ఎర్తు ఇచ్చి, ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడండి. సముద్ర మట్టం దగ్గర నీరు 212 ఫారెన్‌హీట్ (100 సెల్సియస్) దగ్గర మరుగుతుంది. కాని డెన్వర్ ఎత్తులో 203 (95 సెల్సియస్) దగ్గరే మరుగుతుంది. మేము తొలిసారి ఈ పరీక్ష చేసినప్పుడు మీటరు 9 డిగ్రీలు తక్కువ చూపిస్తోందని షాపుకు తిరిగి ఇచ్చేయబోయాం. తప్పు మీటరుది కాదు, ఊరి ఎత్తు మరిచిన మాది. విజయవాడలో చేసేవారికి ఈ ఇబ్బంది లేదు.

8. ఏ అంకెకు ఏం చేయాలి?

ఆటోమేటిక్ బాక్సులకు 175 ఫారెన్‌హీట్ (80 సెల్సియస్) మామూలు వేడి అని ఇక్కడ ఒక లెక్కుంది. బాక్సు మారాక ఆ లెక్క పట్టుకుని కూర్చోకూడదు. పెద్ద లారీల మాన్యువల్ బాక్సులు చేసే ఈటన్ కంపెనీ తన పుస్తకాల్లో, ఎడతెగకుండా 250 ఫారెన్‌హీట్ (సుమారు 120 సెల్సియస్) దాటి నడపవద్దని, అప్పుడప్పుడు 300 (149 సెల్సియస్) వరకు పోయినా హాని లేదని రాస్తుంది. వేడికి కారణాలుగా తక్కువ వేగం, ఎక్కువ ఇంజను తిప్పుడు, బయటి ఎండ, బాక్సు చుట్టూ గాలి ఆడకపోవడం, పొగ గొట్టం మరీ దగ్గరగా ఉండటం వంటివి చెబుతుంది. మన బాక్సు వేరే కంపెనీది, చిన్నది. అందుకని మేము ఇంకాస్త జాగ్రత్తగా ఉంటాం. 220 (104 సెల్సియస్) దాటితే గేరు తగ్గించి వేగం తగ్గిస్తాం. 250 చేరితే ఆపేస్తాం.

ఈ అంకెలకన్నా విలువైనది మీ బండి సొంత లెక్క. మీటరు పెట్టిన తరవాత ఒక నెల రోజులు చిన్న పుస్తకంలో రాయండి. ఖాళీ బండి, బరువు బండి, ఉదయం, మధ్యాహ్నం, చదును, ఎక్కుడు. నెల తిరిగేసరికి మీ బాక్సు మామూలు వేడి ఎంతో తెలుస్తుంది. ఆ తరవాత అదే దారిలో, అదే బరువుతో 15 డిగ్రీలు తేడా వస్తే, అంకె చిన్నదైనా కారణం వెతకాలి.

చాచా బండికి వేరే బాక్సు ఎక్కించి, మీటరు పద్ధతిగా బిగించి, మళ్లీ అదే దారిలో పోయాం. ఐదో గేరులో ముల్లు 190 నుంచి మెల్లగా 220 దాటింది. చాచా నాలుగు వేశారు. వెంటనే ఏమీ జరగలేదు. అంత ఇనుము చల్లారడానికి సమయం పడుతుంది. పది నిమిషాలకు ముల్లు 210 దగ్గరికి దిగింది. “ఇన్నేళ్లు ఐదో గేరు డీజిల్ మిగులుస్తుందనుకున్నాను, బేటా. అది ఏం తింటోందో ఇప్పుడు కనబడింది” అన్నారాయన.

9. ముల్లు చెప్పలేనివి

ఈ బాక్సులో ఐదో గేరును షాఫ్టు చివర ఒక నట్టు పట్టి ఉంచుతుంది. డాడ్జ్ ట్రక్కుల్లో డీజిల్ ఇంజను కుదుపులకు ఆ నట్టు వదులై, గేరు వెనక్కి జరిగి, ఐదో గేరు పోవడం ఇక్కడి పనివాళ్లందరికీ తెలిసిన జబ్బు. ముల్లు దాని గురించి ఏమీ చెప్పదు. సింక్రో రింగులు అరిగినా చెప్పదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆయిల్ ఎంత ఉందో చెప్పదు.

ఆయిల్ ఎంత ఉందో చెప్పేది పక్కనున్న లెవెలు బోల్టు ఒక్కటే. బండి చదునైన చోట నిలిపి, బోల్టు విప్పితే ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా ఉండాలి. వేలు పెడితే తగిలింది కదా అని మూసేయకూడదు. వేలికి తగలడం వేరు, అంచు దాకా ఉండటం వేరు.

మన దగ్గర లారీల్లో చాలావాటికి మాన్యువల్ బాక్సులే. వాటికి ఈ మీటరు ఉండదు. బాక్సు మీద అరచేయి పెట్టి చూసే డ్రైవర్లను, శబ్దం విని గేరు తగ్గించే డ్రైవర్లను మనం చూశాం. నల్లమల ఘాటు ఎక్కేవారికి ఆ విద్య ఇప్పటికీ అవసరమే. లారీ ఉన్న సోదరులు మీటరు పెట్టించుకున్నా, పెట్టించుకోకపోయినా, లెవెలు బోల్టు విప్పించి చూడటం మాత్రం మానవద్దు. ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. డ్రైవరు “వాసన వస్తోంది” అంటే మీటరు చూపించి ఆయన నోరు మూయించవద్దు. ఆపి చూడనివ్వండి.

10. పాఠం అయ్యాక ప్రశ్నలు

పిల్లలతో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పించండి.

1. సెన్సరు వైరు తెగితే మీటరు వేడి చూపిస్తుందా, చల్లదనం చూపిస్తుందా? ఎందుకు?
2. నాలుగో గేరు కన్నా ఐదో గేరులో బాక్సు ఎందుకు ఎక్కువ వేడెక్కుతుంది?
3. డెన్వర్‌లో మరిగే నీళ్లలో ముంచితే మంచి మీటరు ఏ అంకె చూపాలి?
4. ఆయిల్ కారిపోయిన బాక్సులో మీటరును ఎందుకు నమ్మకూడదు?
5. ఎక్కుడులో ముల్లు ఒక్కసారి కిందికి పడితే డ్రైవరు ఏం చేయాలి?

చాచా ఇప్పుడు ప్రయాణానికి ముందు ట్రక్కు కింద అట్ట పరుచుకుని తానే పడుకుని లెవెలు చూస్తారు. 70కి దగ్గరపడిన మనిషి, మేము చూస్తామన్నా వినరు. ఆ తరవాత తాళం తిప్పి, మమ్మల్ని కిందికి పంపి సెన్సరు వైరు తీయించి, ముల్లు పడిందో లేదో చూసి, మళ్లీ పెట్టిస్తారు. అప్పుడే బిస్మిల్లాహ్ అని బండి కదిలిస్తారు.

అందరి ప్రయాణాలు క్షేమంగా సాగాలని దుఆ చేస్తూ సెలవు.